చెప్పులు విప్పే చోటు

పోయిన ఆదివారం మధ్యాహ్నం అమలాపురం మిల్లులపేటలో, ఒక కొత్త హోటల్ గేటు ముందు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. విప్పాలని అనుకోలేదు. కాళ్ళు వాటంతటవే విప్పేసుకున్నాయి. నా ఒంట్లో నా ప్రమేయం లేకుండా పనిచేసే భాగాలు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో ఒకటి మంచిపని చెయ్యడం చాలా అరుదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను జాలిగా చూశాడు.

"చెప్పులతోనే వెళ్ళొచ్చండీ బాబూ. లోపల గుడేం లేదండి, హోటలండి."

"ఆయ్. గుడి లేదండీ. వడ్లుండేవండీ" అన్నాను.

ఆయన కింద పరిచిన ఎర్ర టైల్సు వంక చూశాడు, వడ్ల కోసం. తరవాత నా వంక చూశాడు. "కాస్త నీడలోకి రండి, ఎండగా ఉంది" అన్నాడు.

ఆ జవాబు నాది కాదు. పోయిన వానాకాలంలో కన్నుమూసిన ఒక పెద్దావిడది. నేను అరువు తెచ్చుకుని వాడాను. నా రచనల్లో పేరొచ్చిన వాక్యాలన్నీ దాదాపు ఇలా వచ్చినవే.

మిల్లులపేట అన్నది పేరుకే. ఒకప్పుడు కాలవగట్టు పొడుగునా బియ్యం మిల్లులు వరసగా ఉండేవి. ఉప్పుడు బియ్యం బస్తాలు పడవల్లో వెళ్ళేవి. ఒక్కో మిల్లూ మూతపడి, ఒక్కో చోటా కల్యాణమండపమో అపార్టుమెంటో లేచి, చివరికి ఒక్క పెద్ద మిల్లు మిగిలింది. ఆకాశానికి వేలు చూపించే పొగగొట్టం, బాయిలరు గది, పెంకుల గోదాములు, రంగు అద్దాల కిటికీలున్న ఆఫీసు. వీటన్నిటి మధ్యా విశాలంగా, ఏ గోడా లేకుండా, వడ్లు ఆరబోసే గచ్చు. ఇప్పుడు ఆ మిల్లే హోటలు. గచ్చు కార్లు పెట్టుకునే చోటు.

నేను జవాబు అరువు తెచ్చుకున్న ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్సుగా చేసి రిటైరయ్యారు. పేటలో అందరికీ పెద్దటీచరుగారు. ఆవిడ తల్లి ఇదే మిల్లులో, ఇదే గచ్చు మీద వడ్లు తిరగేసిన కూలిమనిషి. ఈ సంగతి ఆవిడ దాచుకునేవారు కాదు. అలాగని ఎవరైనా "పాపం, ఎంత కష్టపడి పైకొచ్చేరో" అంటే ఊరుకునేవారూ కాదు. "పాపం ఎక్కడుందండీ ఇందులో? పని ఉందండీ" అనేవారు. గంజి పెట్టిన చీర మడత చెదరదు. గొడుగు వంకీ చేతికి తగిలించుకుని, నోట్లో ఒక యాలక్కాయ బుగ్గన పెట్టుకుని, రోజూ సాయంత్రం గచ్చుకి అడ్డంపడి కాలవగట్టుకి వెళ్ళేవారు.

మామూలుగా మన వైపు కోపం వస్తే ముందు మాటల్లోంచి అండీలు రాలిపోతాయి. ఆవిడకి కోపం వచ్చినకొద్దీ కొత్తవి మొలిచేవి. ఒకసారి ఒకాయన గోదాము గోడమీద కిళ్ళీ ఉమ్మాడు. ఈవిడ ఆగి, గొడుగు నేలకి ఆన్చి, "ఏవండీ, మీరండీ, ఇప్పుడండీ, ఉమ్మేరు కదండీ, అది మీ ఇంటి గోడాండీ?" అన్నారు. ఆయన తన భుజం మీది తువ్వాలుతోనే గోడ తుడిచాడు. ఇంక కోపం మరీ తలకెక్కితే ఒక్కటే మాట: "ఆయ్." ఊరందరూ సరేననడానికి వాడే మాటని ఆవిడ తలుపు వేసెయ్యడానికి వాడేవారు. ఆ ఆయ్ విన్నాక ఇంక మాట్లాడినవాణ్ణి నేను చూడలేదు.

ఆవిడ నడక గురించి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పనట్టే. కుడిపాదం కాస్త బయటికి తిప్పి, నేలకి ఆన్చి, ముందుకి నెట్టేవారు. దాని వెనకాలే ఎడమది. పాదం ఎత్తి వెయ్యడం ఉండేది కాదు. ఉడికిన వడ్లు ఎండలో పలచగా పరిచి, అన్ని వైపులా సమంగా ఆరడానికి ఆడవాళ్ళు కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేసేవారు. చిన్నప్పుడు సెలవురోజుల్లో తల్లి వెనకాల ఆవిడా తిరిగారు. ఆ నడక అలా ఉండిపోయింది. బడి వరండాలో అలాగే నడిచారు, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం అందుకోడానికి అలాగే నడిచారు, మంత్రిగారి చేతుల మీదుగా శాలువా కప్పించుకోడానికి వేదిక మీదికీ అలాగే వెళ్ళారు. బళ్ళో పిల్లలు వెనకాల అనుకరించేవారని ఆవిడకి తెలుసు.

"ఏం చెయ్యమంటారండీ? నడక నేర్చుకున్నది వడ్ల మీదండీ. నేల మీద నడవడం తరవాతొచ్చింది" అన్నారు నాతో.

మా పరిచయం మాత్రం నా చెప్పులతో మొదలైంది. మా తాతగారు ఘనాపాఠీ. ఆ పాఠం మా నాన్నగారి దగ్గరే ఆగిపోయింది, ఘనం మాత్రం నా పొట్ట దాకా వచ్చింది. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ పత్రికలకి నవ్వు పుట్టించే వ్యాసాలు రాసేవాణ్ణి, ఎడిటర్లకి పుట్టినా పాఠకులకి పుట్టేది కాదు. మిల్లు పొగగొట్టం మీద రావిమొక్క మొలిచిందంటే దానిమీద ఏదో రాద్దామని వెళ్ళాను. గచ్చు మీద సగం దూరం వెళ్ళేసరికి వెనకనుంచి పిలుపు.

"రచయితగారూ, ఒక్క మాటండీ. మీరు కంచంలో చెప్పులు పెడతారాండీ?"

చుట్టూ చూశాను. బీటల్లో గడ్డి, పగిలిన సీసా ముక్కలు, రెండు మేకలు. కంచం కనిపించలేదు. ఆవిడ మాత్రం చెప్పులు విప్పి గొడుగు వంకీకి తగిలించుకుని, వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు.

"ఇక్కడ గుడి ఉండేదాండీ?" అన్నాను. మా ఇంట్లో గడప బయట చెప్పులు విప్పించే కారణం ఒక్కటే, లోపల దేవుడు. అన్నం కోసం కూడా విప్పొచ్చని నాకెవరూ చెప్పలేదు.

"గుడి కాదండీ. వడ్లండీ. ఊరంతా తినే బియ్యం ఇక్కడే ఆరేవి. తినేదాన్ని ఎవరైనా చెప్పులతో తొక్కుతారాండీ? మిల్లు యజమాని, కామందుగారు వచ్చినా అదిగో, ఆ అంచున విప్పాల్సిందే. తూనికల ఇన్‌స్పెక్టరుగారు బూట్లు విప్పి మేజోళ్ళు జేబులో కుక్కుకునేవారు. ఇంగ్లీషు చదువు చదివిన ఇంజనీరుగారూ అంతే."

"మీ అమ్మగారూ అక్కడే విప్పేవారా?"

ఆవిడ తన వట్టి పాదాల వంక చూసుకున్నారు.

"మా అమ్మకి విప్పడానికి చెప్పులేవండీ? ఊరికే అంచున నిలబడి పాదాలు దులుపుకునేది. నాకు మొదటి జీతం వచ్చినప్పుడు ఆవిడకి చెప్పులు కొన్నానండీ. ఎందుకో తెలుసాండీ? వేసుకోడానికి కాదు, ఇక్కడ విప్పడానికి. మర్నాడు పొద్దున్నే వేసుకొచ్చి, కామందుగారి చెప్పుల పక్కన విప్పి పెట్టింది. సమానంగా సర్ది మరీ పెట్టింది. పనంతసేపూ అటే చూస్తూ చాళ్ళు తీసిందిట, మేస్త్రీ తిట్టేడు."

చెప్పి నవ్వేశారు. నేను నవ్వలేదు. ఎప్పుడు విప్పానో తెలియదు గానీ, చెప్పులు నా చేతుల్లో ఉన్నాయి. గాజుపెంకు గుచ్చుకుని కుంటుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆవిడ "ఏం, ఎడిటరు గారు కరిచేరా?" అంది.

తరవాత కొన్నేళ్ళకి మిల్లుని రక్షిత కట్టడాల జాబితాలో చేరుస్తారని వార్త వచ్చింది. పేట పొంగిపోయింది. పెద్దటీచరుగారైతే ఆ వారం వాళ్ళింట్లో నాకిచ్చిన కాఫీలో పంచదార ఎక్కువ వేశారు. ఒకరోజు పట్నంనుంచి కమిటీవారు కార్లలో దిగారు. మెడలో కెమెరాలు, కాళ్ళకి నిగనిగలాడే బూట్లు. గచ్చు అంచున ఈవిడ గొడుగు అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. పక్కనే నేను, అడ్డంగా నిలబడడానికి నాకు గొడుగు అక్కర్లేదు.

"సార్, చిన్న మనవండీ. బూట్లు విప్పి అడుగుపెడితే బావుంటుందండీ."

కమిటీ పెద్ద టక్కున ఆగి, చేతులు జోడించాడు. "తప్పకుండా అమ్మా. ఏ దేవుడు?"

"దేవుడు కాదండీ. వడ్లు."

"ఓహో" అని గౌరవంగా తలూపి, పక్కాయనతో మెల్లగా "గ్రామదేవతలా ఉంది, రాసుకోండి" అన్నాడు. ఆవిడ "కాదండీ బాబూ" అంటూనే ఉన్నారు. వాళ్ళు బూట్లు విప్పలేదు. పాపభీతి ఉన్న మనుషులు. గచ్చు తొక్కకుండా చుట్టూ తిరిగి, పొగగొట్టాన్నీ కిటికీ అద్దాల్నీ ఫోటోలు తీసుకుని, గచ్చుకి దూరంనుంచే ఇంకోసారి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

జాబితా వచ్చింది. పొగగొట్టం రక్షితం. బాయిలరు గది రక్షితం. గోదాములు, కామందుగారి ఆఫీసు, ఆఫీసులో ఆయన చెయ్యి కడుక్కున్న పింగాణీ తొట్టి కూడా రక్షితం. గచ్చు దగ్గరికొచ్చేసరికి, స్థానికులు దాన్ని ప్రార్థనాస్థలంగా భావిస్తున్నందున వివాదాలకు తావివ్వకుండా మినహాయించడమైనది.

ఇంత మర్యాదగా చేసిన అన్యాయం నేనింకోటి చూడలేదు. దణ్ణం పెట్టి మరీ తోసేశారు.

అక్కడితో అయిందా? ప్రార్థనాస్థలం అని సర్కారువారే అన్నాక, ప్రార్థన చేసేవాళ్ళు ఊరుకుంటారా? వారం తిరక్కుండా గచ్చు మూల ఒక రాయి వెలిసింది, పసుపూ కుంకుమలతో. అది చూసి ఆవిడ చర్చివాళ్ళే కొందరు "టీచరుగారు మనవారే కదా, అక్కడ చెప్పులు విప్పుతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది, మనం ఒక శిలువ పెడదాం" అని కొలతలు తీసుకోడానికి వచ్చారు. ఆవిడ రెండువైపుల వాళ్ళనీ ఒకే సాయంత్రం గచ్చు అంచున నిలబెట్టారు.

"అయ్యా, మీరు తెచ్చిన రాయి చాలా బావుందండీ. మీ ఇంటికి ఇంకా బావుంటుందండీ, పట్టుకెళ్ళండీ. ఏవండీ పాస్టరుగారూ, మా అమ్మ ప్రార్థన చర్చిలో చేసేదండీ, మీ నాన్నగారు చూసేరు కదండీ. ఇక్కడ పని చేసిందండీ. పని చేసిన చోటుకి పని చేసిన చోటన్న పేరు చాలదాండీ?"

రాయి ఒక సైకిలెక్కింది. శిలువ కొలతల టేపు చుట్టుకుపోయింది. పోతూ పోతూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని "ఆవిడతో పెట్టుకోకూడదండీ" అని మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు.

గచ్చుని కూడా జాబితాలో చేర్చమని అర్జీలు రాయడం నా వంతు. నాకు చేతనైనంత చమత్కారంగా రాశాను. ఆవిడ చదివి "మీకు మాటల్తో ఆడుకోవడం వచ్చండీ, మాట చేత పని చేయించడం రాదు" అని చమత్కారాలన్నీ కొట్టేశారు. మిగిలింది కొంచెమే. అదే ఇచ్చాం. విచారణకి పిలిచారు.

ఆవిడ సంచీలోంచి ఒక ఫోటో తీశారు. మిల్లుని సర్కారుకి అమ్ముకున్నప్పుడు కామందుగారి మనవడు ఆఫీసు గోడమీంచి తీసి ఆవిడకిచ్చినది. కొత్త బాయిలరు దిగిన రోజున గచ్చు మీద తీశారు. మధ్యలో కామందుగారు, కోటూ తలపాగాతో. పక్కన ఇంజనీరుగారు, టై కట్టుకుని. ఎవరో కలెక్టరాఫీసు పెద్దలు. వడ్లుండగా గచ్చు మీద కుర్చీలెవరు వేస్తారు? అందుకని అందరూ నిలబడే ఉన్నారు, ఒకే వరసలో. వరస చివర పనివాళ్ళు, అందరికంటే చివర ఆవిడ తల్లి. మోకాళ్ళ పైన చూస్తే ఎవరు ఎవరో ఇట్టే తెలుస్తుంది. మోకాళ్ళ పైభాగానికి చెయ్యి అడ్డం పెట్టి చూస్తే, అన్నీ ఒకేలాంటి కాళ్ళు. వట్టివి. తవుడు దుమ్ముతో తెల్లగా అయినవి.

"చూడండి సార్. కోటు వేసుకున్నారండీ, టై కట్టేరండీ, కాళ్ళకి మాత్రం ఏవీ లేవండీ. ఇందులో దేవుడెక్కడున్నాడు? పనిచోటు పద్ధతండీ ఇది. మన ఊళ్ళో మా అమ్మ పాదాలూ కామందుగారి పాదాలూ ఒకే రూలు కింద ఉన్న చోటు ఇదొక్కటేనండీ. అది పోతే ఇంకెక్కడ చూపించనండీ?"

అధికారి ఫోటో చాలాసేపు చూశాడు. మంచివాడే. "ప్రార్థనాస్థలం కాదన్నమాట" అన్నాడు.

"కాదండీ."

"అయితే ఆ కారణంతో మినహాయించడం పొరపాటేనమ్మా. కానీ ప్రార్థనాస్థలం కాకపోతే మరిది కట్టడం కూడా కాదు కదా. గోడల్లేవు, పైకప్పు లేదు. రికార్డుల్లో ఖాళీస్థలం అవుతుంది."

"ఎండబెట్టే చోటుకి పైకప్పు వేస్తే ఎండెలా వస్తుందండీ?"

"పాయింటే" అని అధికారి నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు. పాయింటు ఫైల్లోకి మాత్రం ఎక్కలేదు. దేవుడున్నాడంటే వివాదం, లేడంటే ఖాళీ. వందలమంది ఆడవాళ్ళ అరికాళ్ళు అరిగిపోయిన చోటుకి ఈ రెండు పేర్లు తప్ప మూడో పేరు మన ప్రభుత్వ భాషలో లేదు. పింగాణీ తొట్టి చరిత్ర, పాదం ఖాళీ. కట్టించినవాడిది కట్టడం, కష్టపడినవాళ్ళది కార్‌పార్కింగు. ఇదీ వారసత్వ పరిరక్షణ!

ఫోటో మాత్రం అడిగి తీసుకున్నారు. "మిల్లు లోపల పెద్దది చేసి పెడతామమ్మా, వచ్చినవాళ్ళందరూ చూస్తారు" అన్నారు. ఆవిడ ఇచ్చేశారు. బయటికొచ్చాక, "పోన్లెండి, గచ్చు పోయినా ఫోటోలో కాళ్ళుంటాయి. చూసినవాడు అడుగుతాడు కదండీ, వీళ్ళెందుకు చెప్పులు విప్పేరని" అన్నారు.

సర్కారువారు మిల్లుని హోటలు వాళ్ళకి లీజుకిచ్చారు. గచ్చు పెకలించడానికి గునపాలొచ్చాయి. సున్నం, కరక్కాయ నీళ్ళూ పోసి దిమ్మిసలతో ఆడవాళ్ళు కొట్టిన గచ్చు అది. గునపం మొనలు వంగాయి గానీ పెళ్ళ లేవలేదు. ఆవిడ గొడుగు వేసుకుని ఎదురుగా నిలబడి చూసేవారు. "ఖాళీ అన్నారు కదండీ. ఖాళీ ఇంత గట్టిగా ఉందేవండీ?" అని మేస్త్రీని పలకరించేవారు. చివరికి విసుగెత్తి ఇసుక పోసి, పైన టైల్సు పరిచేశారు. కింద గచ్చు కిందే ఉంది.

ఆవిడ మంచం పట్టాక ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. గంజి పెట్టని చీరలో ఆవిణ్ణి చూడడం అదే మొదటిసారి. దుప్పటి కింద పాదాలు కదులుతున్నాయి, కుడిది ముందుకి, దాని వెనకాలే ఎడమది. నన్ను గుర్తుపట్టారు.

"ఫోటో పెట్టేరాండీ?"

"ఇంకా తెరవలేదండీ. తెరిచాక నేను వెళ్ళి చూసొస్తాను."

"ఆయ్" అన్నారు. ఈసారి అందరూ అనే ఆయ్యే.

అందుకని వెళ్ళాను, పోయిన ఆదివారం. చెప్పులు చేత్తో పట్టుకుని, ఎర్ర టైల్సు మీద అరికాళ్ళు చురుక్కుమంటుంటే గెంతుకుంటూ. బాయిలరు గదిలో పిజ్జాలు కాలుస్తున్నారు. గోదాములో బిర్యానీ. పింగాణీ తొట్టి చుట్టూ ఇత్తడి గొలుసు. పక్క గోడమీద, నిలువెత్తు బంగారురంగు ఫ్రేములో ఫోటో. కింద "మిల్లు యజమాని, అతిథులు" అని రాసి ఉంది. కోటు ఉంది, టై ఉంది. అందరూ మోకాళ్ళ దగ్గర ఆగిపోయారు. కాళ్ళు లేవు. వరస చివర, ఫ్రేము అంచులో, ఒక చెవీ సగం బుగ్గా కనిపిస్తున్నాయి.

మేనేజరుని పిలిచాను. తెల్లచొక్కా, మంచి మర్యాద.

"కింద భాగం ఏమైందండీ?"

"ఫ్రేముకి పట్టలేదండీ, కోయించేసేం. కింద ఏవీ లేదు లెండి సార్, వట్టి నేలే."

నాకు కోపం వచ్చినా పక్కవాళ్ళకి తెలియదు. అదొక లోపం, డాక్టర్లు కూడా ఏం చెయ్యలేమన్నారు. ఆ క్షణంలో నోరు తెరిస్తే ఒక్క మాటే వచ్చింది.

"ఆయ్" అన్నాను.

ఆయన నేను ఒప్పుకున్నాననుకున్నాడు. "కూచోండి సార్, ఏం తీసుకుంటారు?" అన్నాడు. ఆ ఆయ్‌కి అర్థం తెలిసినావిడ ఇప్పుడు లేరు.

ఏమీ తీసుకోకుండా బయటికొచ్చాను. టైల్సు ఇంకా కాలుతున్నాయి. చెప్పులు వేసుకోబుద్ధి కాలేదు. కుడిపాదం బయటికి తిప్పి, ఆన్చి, నెట్టి చూశాను. నాకు రాలేదు. అప్పుడే ఒక కారు ఆగింది. రామచంద్రపురంనుంచో ఎక్కణ్ణించో ఒక కుటుంబం. ముందు దిగిన పెద్దామె నన్నూ, నా చేతిలో చెప్పుల్నీ చూసి, గబుక్కున ఒక కాలి చెప్పు వదిలేసింది. వెనక్కి తిరిగి "చెప్పులు కార్లో వదిలెయ్యండర్రా, ఇక్కడేదో ఉందిట" అంది.

"గుడి కాదండీ" అన్నాను.

"మరేవుందండీ?"

చెప్పాను. వడ్లు, ఎండ, చాళ్ళు, అంచున కామందుగారి చెప్పులు, పక్కన సమానంగా సర్దిన ఇంకో జత. చమత్కారాలేవీ లేకుండానే చెప్పాను. ఆమె ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా, కాలే టైల్సు మీద అలాగే నిలబడి విన్నది. తరవాత రెండో చెప్పు కూడా విప్పి, గేటు గోడమీద మిల్లు చరిత్ర చెక్కిన పెద్ద ఇత్తడి బోర్డు వంక వెతుక్కుంటూ చూసింది.

"మరి ఆ సంగతి అక్కడ రాయలేదేవండీ?"